రెండో పొయ్యి

మా ఇంట్లో జరిగిన ఒకే ఒక్క పెద్ద గొడవకు మాటలు రాసింది నేనే. చిత్తు ప్రతి ఒకటి, సాఫు ప్రతి ఒకటి, ఎవరి మాటలు వాళ్ళు బట్టీ పట్టడానికి జిరాక్సులు రెండు. అప్పట్లో రాంగోపాల్‌పేట్‌లో ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేసేదాన్ని కాబట్టి ఆ సౌకర్యం ఉండేది. బస్తీలో సగం మంది దరఖాస్తులు నా చేతిరాతతోనే సర్కారు దగ్గరికి వెళ్ళేవి. నాకు తెలియని కాగితం లేదన్న పొగరు కూడా కొంచెం ఉండేదని ఒప్పుకోవాలి.

మాది బోయిగూడ. రెండు గదులు, ముందు రేకుల వసారా, అందులో ఎనిమిది మందిమి. నానమ్మ, అమ్మ, నాన్న, నేను, నాన్న తమ్ముడైన చిన్నాయన, ఆయన భార్య చిన్నమ్మ, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలు. నాన్న ఒక ఇనుప సామాన్ల దుకాణంలో గుమాస్తా. చిన్నాయన కార్ఖానాలో బండ్ల మెకానిక్. ఎనిమిది మందికీ కలిపి పొయ్యి మాత్రం ఒక్కటే, నానమ్మ గొప్పంతా ఆ పొయ్యిలోనే ఉండేది. ఇతరులు కొడుకుల ఉద్యోగాల గురించి చెప్పుకుంటారు, నగల గురించి చెప్పుకుంటారు. మా నానమ్మ కరెంటు మీటరు చూడడానికి వచ్చినవాడికి కూడా తన కొడుకులు వేరుపడలేదని చెప్పి పంపేది.

పొయ్యి అంటే రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్. దాని ముందు నిలబడేది అమ్మ. చిన్నమ్మ కూరగాయలు తరిగేది, మసాలా నూరేది, బియ్యం కడిగేది, గిన్నెలు తోమేది. గరిటె మాత్రం అమ్మది. అదొక ఏర్పాటు అని కూడా మాకెవరికీ తోచలేదు. పొద్దు తూర్పున ఎందుకు పొడుస్తుందని ఎవరూ అడగనట్టే మేమూ దాని గురించి అడగలేదు.

అలాంటి రోజుల్లో మా బస్తీని ప్రయోగానికి ఎంచుకున్నారు. రేకుల ఇళ్ళు తీసేసి, పేదలకు రెండు పడకగదుల ఇళ్ళు కట్టించే పథకం. ముందు మా దగ్గర చేసి చూసి, బాగుంటే నగరమంతా చేస్తారట. మాకు ప్రయోగాలు కొత్త కాదు. అంతకు ముందు తడి చెత్త, పొడి చెత్త వేరుచేసే ప్రయోగం మా మీదే జరిగింది. అప్పుడిచ్చిన రెండు రంగుల డబ్బాలు బియ్యం పోసుకోవడానికి చాలా బాగా పనికొచ్చాయి. వార్డు ఆఫీసులో అన్ని పనులూ ఒకే కిటికీ దగ్గర అయ్యే పద్ధతి కూడా మాతోనే మొదలైంది. అంతకు ముందు నాలుగు కిటికీల దగ్గర నాలుగు గంటలు నిలబడేవాళ్ళం. తర్వాత ఒకే కిటికీ దగ్గర నాలుగు గంటలు నిలబడ్డాం.

ఇళ్ళ పథకంలో నియమం ఒక్కటే అన్నారు. కుటుంబానికి ఒక ఇల్లు. బస్తీ వెనక పాత గోదాం ఉన్న సర్కారు జాగాలో అయిదంతస్తులు కడతారు, అవి పూర్తయ్యాక మా రేకులన్నీ పడగొడతారు. ఎవరు ఎన్ని కుటుంబాలో తేల్చడానికి ఒక మధ్యాహ్నం సర్వే చేసే అతను చేతిలో ట్యాబ్‌తో వచ్చాడు.

మేం అతన్ని చుట్టం వచ్చినట్టే చూశాం. కుర్చీ వేశాం, అమ్మ వేడి వేడి మిర్చి బజ్జీలు చేసింది, చిన్నమ్మ చాయ్ తెచ్చింది. అతను పేర్లు రాసుకుని, ఇంట్లో ఎన్ని పొయ్యిలమ్మా అని అడిగాడు.

"ఏందయ్యా, గట్లడుగుతవ్?" అంది నానమ్మ. "ఒక్కటే పొయ్యి. నా కొడుకులు వేరువడలే. నా కోడండ్లు సొంత అక్కచెల్లెండ్ల లెక్కుంటరు. గావాల్నంటే గల్లీ మొత్తం అడుగు."

ఈ రోజుల్లో ఇలాంటి కుటుంబాలు ఎక్కడున్నాయమ్మా అని అతను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూనే ట్యాబ్ మీద ఒకట్లు నొక్కాడు. పొయ్యి ఒకటి, కుటుంబం ఒకటి. రెండో ప్లేటు బజ్జీలు కూడా తిని వెళ్ళాడు. నేను పక్కనే ఉన్నాను, కాగితాలన్నీ తెలిసిన మనిషిని. ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో నాకు తట్టలేదు, పైగా నానమ్మ జవాబు విని నాకూ గర్వంగానే అనిపించింది.

జాబితా వార్డు ఆఫీసు గోడకు అంటించిన రోజు తెలిసింది. మాకు ఒక ఇల్లు. మా ఎదురింట్లో ముగ్గురు అన్నదమ్ములు, ఏనాడో ఇంటి మధ్యలో ఇటుక గోడ కట్టుకున్నారు. ఒకడి బిడ్డ పెళ్ళికి ఇంకొకడు పోలేదు. నల్లా నీళ్ళ దగ్గర వాళ్ళ ఆడవాళ్ళ మాటలు వినలేక మేం కిటికీ మూసుకునేవాళ్ళం. వాళ్ళకు మూడు ఇళ్ళు. ఆ సంగతి చెప్పడానికి ఎదురింటి పెద్దకోడలు అందరికంటే ముందు మా ఇంటికే వచ్చింది.

ఆ సాయంత్రం వసారాలో చిన్నాయన అమ్మతో అన్న మాట నాకింకా గుర్తుంది. "ఆడ వసారా ఉండది, గల్లీ ఉండది. ఆడివిల్లలు పెద్దగయితుండ్రు. ఎనమండుగురం ఒక్కదాంట్ల ఎట్ల పడ్తం వదినె? నేనే నా పిల్లలను తీస్కొని ఊరవతల యాడన్న కిరాయికి పోవాలె."

అమ్మ ఒప్పుకోలేదు. "నువ్వు పోతే ఇంక ఇల్లెందుకు? ఇద్దరికీ రావాలె, అంతే" అని నా వైపు చూసింది. ఆ చూపుతో పని నా మీద పడింది. చిన్నాయనకు ఇల్లు వస్తుందా, వాళ్ళు నలుగురూ ఊరవతలికి పోతారా అన్నది ఆ రోజు నుంచీ ఇంట్లో అందరి మనసులోనూ ఉన్న ప్రశ్న. నానమ్మ మాత్రం రెండు రోజులు ఇంటికొచ్చిన ఎవరికీ పొయ్యి సంగతి చెప్పలేదు. మూడో రోజు నన్ను పిలిచి, "కలిసుంటె తప్పా బిడ్డా?" అని అడిగింది.

వార్డు ఆఫీసుకు వెళ్ళాను. కొత్త పద్ధతిలో టోకెన్ యంత్రం పెట్టారు, అది నంబరు ముద్రించిన చీటీ ఇస్తుంది. జనం చీటీ తీసుకుని జేబులో పెట్టుకుని, పాత అలవాటు ప్రకారం కిటికీ దగ్గర చెప్పులు వరసగా విడిచి కాచుకున్నారు. ఎవరి వంతు అన్నది చెప్పుల ప్రకారమే జరిగింది. పక్కన ఇంకో యంత్రం మీద నవ్వే మొహం, మామూలు మొహం, ఏడ్చే మొహం ఉన్నాయి. సేవ ఎలా ఉందో వాటిలో ఒకటి నొక్కి చెప్పాలి. దానికి కాపలా ఉన్న అటెండరు, "అక్కా, జెర నవ్వేది నొక్కు. లేకుంటె నాకు మెమో వస్తది" అన్నాడు. పని కాకముందే నవ్వే మొహం నొక్కాను.

కిటికీ అవతల ఉన్న మేడం కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినావిడ. మంచి మనిషే. నేను రాసుకెళ్ళిన దరఖాస్తు పూర్తిగా చదివింది.

"మీరు కలిసుంటే ఒక ఇల్లండీ, విడిపోతే రెండు. మధ్యలో ఇంకోటి లేదు. విడిపోయినట్టు రుజువు పెట్టండి, నేను పైకి పంపిస్తాను."

"ఏం రుజువు మేడం?"

"వేరే గ్యాస్ కనెక్షను, వేరే రేషను కార్డు, ఇరుగుపొరుగు ఇద్దరి వాంగ్మూలం. ఆ తర్వాత ఎప్పుడో ఒకప్పుడు తనిఖీకి వస్తాం. చెప్పి రామండీ."

"వాంగ్మూలంల ఏం రాయాలె?"

"తోడికోడళ్ళకి పడట్లేదని రాయించండి. మామూలుగా అందరూ అదే రాస్తారు."

గ్యాసు, కార్డు పనులు నావల్ల అయ్యాయి. రెండో స్టవ్ తెచ్చి వసారాలో ఒక మూల రాతి పలక మీద పెట్టాం. అది ఉత్త బొమ్మే. తనిఖీ అయ్యేదాకా దాని మీద గిన్నె పెట్టి ఉంచాలని, వంట మాత్రం ఎప్పటిలాగే లోపల జరగాలని అనుకున్నాం. చిన్నమ్మ రోజూ పొద్దున ఆ స్టవ్‌ను తుడిచి పెట్టేది. వాడని స్టవ్‌ను అంత శ్రద్ధగా ఎందుకు తుడుస్తుందో నేను పట్టించుకోలేదు.

తల ప్రాణం తోకకొచ్చింది వాంగ్మూలాల దగ్గర. ఎదురింటి పెద్దకోడలు సంతోషంగా సంతకం పెట్టింది. మాకూ పడటం లేదని రాయడం ఆమెకు ఎంత హాయిగా ఉందో మొహంలో కనిపించింది. రెండో సంతకానికి పక్కింటి రిటైరైన రైల్వే గార్డు దగ్గరికి వెళ్ళాను. బస్తీలో ఆయన సంతకానికి విలువ ఎక్కువ. ఆయన అద్దాలు పెట్టుకుని మొత్తం చదివి కాగితం వెనక్కిచ్చాడు.

"నేను చూడంది చూసినట్టు ఎన్నడు రాయలే బిడ్డా. ముప్పై ఆరేండ్ల నౌకరీల సుత రాయలే. మీ అమ్మ, మీ చిన్నమ్మ కొట్లాడంగ నేను జూడలే. కొట్లాడితే చూసి పెడ్త."

ఎంత బతిమాలినా అదే మాట. చిన్నాయన పరేషాన్ అయ్యాడు. చివరికి అమ్మే అంది, "అయితే కొట్లాడుదాం. ఏమైతది?"

అలా నేను మాటలు రాశాను. నీళ్ళు ఎవరు ముందు పట్టుకోవాలి, వసారా ఎవరు ఊడవాలి, సిలిండరు ఎవరి వల్ల తొందరగా అయిపోయింది, ఇలా ఎవరికీ నొప్పి తగలని ఆరోపణలు ఏరి రాశాను. అమ్మ చివరి మాట, "నీతోని నాకు పడదు, వేరే వండుకో." చిన్నమ్మ చివరి మాట, "వండుకుంట, నాకేం భయమా." వారం రోజులు వంటింట్లో సాధన చేశారు. మాట పూర్తయ్యేలోపే ఇద్దరికీ నవ్వు ఆగేది కాదు. నానమ్మ మంచంలో కూర్చుని తప్పులు దిద్దేది. "గట్టిగ అనున్రి. గీ గొంతుకు గల్లీలె పిల్లి సుత లేవది" అనేది. ఆ వారం మా ఇంట్లో ఎంత సరదాగా గడిచిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆదివారం సాయంత్రం నల్లా వచ్చే వేళ పెట్టుకున్నాం. గార్డుగారు తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఎదురింటివాళ్ళు ముగ్గురూ మూడు వైపుల నుంచి తొంగి చూశారు. అమ్మ షురూ చేసింది. నీళ్ళ గొడవ అయిపోయింది, ఊడ్చే గొడవ అయిపోయింది, మాట సిలిండరు దగ్గరికి వచ్చింది. కాగితం ప్రకారం చిన్నమ్మ అప్పుడు, "నేనొక్కదాన్నే కాల్చిన్నా" అనాలి.

చిన్నమ్మ అనలేదు. నేను మరిచిపోయిందనుకుని దూరం నుంచే పెదవులు కదిపి అందించాను. ఆమె నా వైపు చూడలేదు.

"సిలిండరు నేనెట్ల కాలుస్తనక్కా? పొయ్యి ముట్టనిచ్చినవా ఎన్నడన్న?" అంది. గొంతు పెద్దగా లేదు. "పద్నాలుగేండ్లాయె నేనొచ్చి. కోస్తున్న, నూర్తున్న, తోముతున్న. కూరల ఉప్పెంతెయ్యాల్నో సుత నువ్వే చెప్పాలె. నాకేం తినబుద్దయితుందో ఒక్కనాడన్న అడిగినవా? మా తల్లిగారింట్ల రోజు జొన్నరొట్టె తింటుంటిమి. ఈడికొచ్చినంక నా చేతులతోని నేను ఒక్క రొట్టె చేసుకొని తినలే."

అమ్మ చేతిలో బిందె ఉంది. నీళ్ళు నిండి పొర్లుతున్నా పక్కకు జరపలేదు. తన చివరి మాట కూడా అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. చిన్నమ్మ లోపలికి వెళ్ళి, పిండి డబ్బా తెచ్చి, వసారాలో రెండో పొయ్యి వెలిగించింది.

గార్డుగారు లేచి నా దగ్గరికి వచ్చాడు. "ఇగ పెట్టచ్చు" అని కాగితం తీసుకుని, నా మొహం చూడకుండా సంతకం పెట్టి కుర్చీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి రెండు పొయ్యిలూ వెలిగాయి. పోట్లాట ఏమీ లేదు. అవసరమైనంత మాట, అవసరమైనంత మర్యాద. అమ్మ బియ్యం మాత్రం నెల రోజుల దాకా ఎనిమిది మందికే పోసింది. కొలిచేటప్పుడు చెయ్యి ఆగలేదట. మిగిలిన చద్దన్నం తనే మరునాడు తినేది, ఎవరన్నా చూస్తే గిన్నె పక్కకు జరిపేది. చిన్నమ్మ మీద నాకు చాలా కోపం వచ్చింది. కాగితంలో లేని మాట అన్నందుకా, ఆ మాట నిజమైనందుకా అని నన్ను నేను ప్రశ్నించుకోవడానికి చాలా రోజులు పట్టింది. పద్నాలుగేళ్ళు ఒకే కంచం ముందు కూర్చుని, చిన్నమ్మ రొట్టె కోసం మొహం వాచి ఉందని తెలుసుకోలేకపోయినదాన్ని, ఇద్దరు తోడికోడళ్ళ గొడవను సొంతంగా రాయగలననుకున్నాను.

మేడం చెప్పకుండానే వచ్చింది. రెండు స్టవ్‌లకూ ఫోటోలు తీసింది, రెండు గిన్నెల మూతలూ తీసి చూసింది. ఒకదాంట్లో అన్నం, ఇంకోదాంట్లో పల్లీల పచ్చడి, పక్కన రొట్టెలు. అమ్మను అడిగింది, "ఆవిడతో మాటలున్నాయాండీ?"

"అవసరముంటెనే" అంది అమ్మ. అబద్ధం ఒక్క అక్షరం లేదు.

మేడం సంతృప్తిగా ట్యాబ్‌లో నొక్కింది. వెళ్తూ నాతో, "చాలామంది నాటకాలాడతారండీ, చూస్తే తెలిసిపోతుంది. మీది జెన్యూన్" అంది.

ఇళ్ళు ఏడాదిలో అన్నారు, దాదాపు మూడేళ్ళు పట్టింది. ప్రయోగం కదా. చివరికి షామియానా వేసి తాళాలిచ్చారు. వేదిక మీద ఒక పెద్దాయన మాట్లాడుతూ, మా బస్తీవాసుల ఐకమత్యం వల్లే పథకం నెరవేరిందని అన్నాడు. మా ఇంటిపేరు రెండుసార్లు పిలిచారు. మాకు మొదటి అంతస్తు, చిన్నాయనకు అయిదో అంతస్తు, లాటరీలో అలా వచ్చింది. చిన్నాయన తాళం కళ్ళకద్దుకున్నాడు. ఊరవతలికి పోవలసిన పని ఇక లేదు. అమ్మా, చిన్నమ్మా చెరో తాళం పట్టుకుని పక్కపక్కన నిలబడితే ఫోటో తీసేవాడు, దగ్గరికి జరగండమ్మా అని మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. నానమ్మ మర్నాడే మాట మార్చేసింది. తన కొడుకులకు రెండు ఇళ్ళు వచ్చాయని ఇప్పుడు లిఫ్టు బాగుచేయడానికి వచ్చినవాళ్ళకు చెబుతుంది. లిఫ్టు రెండో విడతలో పనిచేస్తుందట.

చేరిన మూడో వారం చిన్నమ్మ పెద్ద బిడ్డ కిందికి వచ్చి, "పెద్దమ్మా, అమ్మ నిన్ను బువ్వకు రమ్మన్నది" అంది. అమ్మ చీర మార్చుకుంది. తల దువ్వుకుంది. పక్కన నేను లేకపోతే వెళ్ళేది కాదనుకుంటాను. అయిదో అంతస్తు దాకా మెట్లెక్కాం. మూడో అంతస్తులో ఒకసారి ఆగి, ఆయాసం వల్లే ఆగినట్టు గోడకు చెయ్యి ఆనించింది.

చిన్నమ్మ వంటింట్లో ఉంది. కిటికీ ఉన్న వంటిల్లు, పలక మీద సగం ఎండ పడుతోంది. ఇంకా ఏమీ వండలేదు. కూరగాయలు కూడా తరగలేదు. గరిటె చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"ఏం వండమంటవక్కా?" అంది.

మొదట నాకు అది దెప్పిపొడుపు అనిపించింది, ఆనాటి మాట తిరిగి విసిరిందనుకున్నాను. ఆమె మొహం చూస్తే తెలిసింది, అది కాదు. నిజంగానే అడిగింది.

"ఏదన్న సరే" అంది అమ్మ.

"ఏదన్న కాదు. నీకేం తినబుద్దయితుందో చెప్పు. ఇంట్ల లేకుంటె కింద దుకాణం నుంచి తెప్పిస్త."

అమ్మ కింద కూర్చుంది. నిజంగానే ఆలోచించింది. నాన్నకు ఇష్టమైనవి, నానమ్మ నమలగలిగినవి, నాకు పడనివి, పిల్లలు మారాం చేయకుండా తినేవి అన్నీ ఆమెకు తెలుసు. అవన్నీ తీసేస్తే ఏమన్నా మిగులుతుందేమోనని వెతుకుతున్నట్టు నేల వైపు చూస్తూ ఉండిపోయింది. నేనన్నా చెబుదామనుకున్నాను. నాకూ తెలియదు. ముప్పై ఏళ్ళు ఆమె చేతి వంట తిన్నదాన్ని, ఆ గదిలో అందరికంటే ఎక్కువ సిగ్గుపడాల్సినదాన్ని నేనే.

"నాకేమిష్టమో నాకే యాదికొస్తలేదు చెల్లె" అంది చివరికి. "నన్ను సుత ఎవ్వరడగలే."

చిన్నమ్మ గరిటె పలక మీద పెట్టి, వచ్చి అమ్మ పక్కన కింద కూర్చుంది.

"జల్దేం లేదక్కా" అంది. "యాది చేసుకో."